నేను వేసిన హాజరు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అందరూ అనే మాటే, నేనూ ఒప్పుకుంటాను. ముప్పై ఏళ్లు మోటార్లకు వైండింగ్ చేస్తూ కాలిన తీగ వాసన పీల్చినవాడికి శాంతం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇప్పుడు టైర్ల షాపు పై గదిలో, బడి మానేసిన పిల్లలకు అదే పని నేర్పుతున్నాను. పొద్దున రెండు గంటలు చదువు, తర్వాత వైండింగ్. పద్నాలుగు మంది. బెంచీలు పెట్టలేదు, బెంచీని చూస్తేనే వీళ్లకు ఒళ్లు మండుతుంది. నేల మీద చాపలు, మధ్యలో పని బల్ల, అంతే.

వాళ్లలో గుండుసూది ఒకతె. ఆ పేరు పిల్లలే పెట్టారు. సన్నగా ఉంటుంది, మాట గుచ్చుతుంది. పదహారేళ్లు. ఎనిమిదో తరగతిలో టీచరమ్మ అందరి ముందూ "నీకు చదువెందుకే, నాలుగిళ్లలో అంట్లు తోముకో" అన్నదట. మర్నాటి నుంచి ఆ బడి గుమ్మం తొక్కలేదు. నా దగ్గర మాత్రం ఆర్నెల్లకే చెయ్యి తిరిగింది. తీగ చుడుతూ చుట్లు లెక్కపెట్టేటప్పుడు పక్కన పిడుగు పడ్డా లెక్క తప్పేది కాదు.

"మాస్టారూ, ఇప్పుడు తిట్టకండి. నూట నలభైలో ఉన్నా."

"తిట్టకపోతే నీకు తోచదుగా."

"తోచదు. నూట యాభై అయ్యాక తిట్టండి."

ఈ ఏడు ఆమె పదో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాయాలి. పాసైతే ఎలక్ట్రీషియన్ కోర్సులో సీటు. లేదా, బాబాయి చూసిపెట్టిన బట్టల ఫ్యాక్టరీ. అది చాలా దూరం. హాస్టల్లో ఉండాలి, రెండేళ్ల వరకు బయటికి పంపరు. అమ్మానాన్నా లేని పిల్ల, ఆ ఇంట్లో బాబాయి మాటకు ఎదురు లేదు.

మాకు ఒక పద్ధతి ఉంది. ఎవరైనా వరసగా మూడు రోజులు రాకపోతే, నాలుగో రోజు, తలుపక్క అని మేం పిలిచే ఆవిడ వాళ్లింటికి వెళ్తుంది. రోజూ సాయంత్రం, పిల్లలు వెళ్లిపోయాక వచ్చి హాజరు పట్టీ చూసుకుంటుంది. ఇళ్లకు వెళ్లి పిల్లల్ని తిరిగి తేవడమే ఆమె ఉద్యోగం. తీసేదాకా తలుపు బాదుతుంది కాబట్టి ఆ పేరు. వానల్లో ఒకసారి బాబాయి గుండుసూదిని ఆపేస్తే, వీధిలో నిలబడి "పిల్లని పంపుతావా, నలుగుర్నీ పిలవనా?" అని దులిపేసింది. మర్నాడే పిల్ల వచ్చింది. ఆ ముచ్చట గుండుసూది వారం రోజులు నవ్వుతూ అందరికీ చెప్పింది.

ఇంకో రూలు పైఆఫీసుది. హాజరు ముప్పాతిక కన్నా తగ్గితే పేరు కొట్టేస్తారు, హాల్ టికెట్ ఆపేస్తారు. ఏ చల్లని గదిలో కూర్చున్న మహానుభావుడు రాశాడో! మా పిల్లల్లో సగం మంది పనికి పోయి వచ్చేవాళ్లే. అందుకే ఒకటీ అరా రోజు రాకపోయినా వచ్చినట్టే వేసేవాణ్ని. నా పిల్లల్లో ఒక్కరి పేరూ పోకూడదని పంతం. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు తాగాను, అంతే.

పరీక్షకు రెండు వారాలుందనగా గుండుసూది రాలేదు. వాళ్ల పక్కింటి నుంచి వచ్చే పిల్లాణ్ని అడిగితే, "వాళ్ల పిన్ని జ్వరమని చెప్పింది" అన్నాడు. వానల్లో పోయిన రోజులతో ఆమె హాజరు అంచు మీద ఉంది. వచ్చినట్టు వేశాను. రెండో రోజూ వేశాను, మూడో రోజూ వేశాను. రేపొస్తుంది, రాగానే చెడామడా తిట్టాలి అనుకుంటూ తొమ్మిది రోజులు వేశాను.

"మీ పిల్లలు బంగారం మాస్టారూ, ఈ నెల నాకు పనే లేదు" అంది తలుపక్క. సిగ్గులేకుండా పళ్లికిలించాను.

పదో రోజు హాల్ టికెట్లు వచ్చాయి. ఆమెది జేబులో పెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. బాబాయి కూతురు, ఏడేళ్ల పిల్ల, తలుపు తీసింది.

"అక్క లేదు. మొన్న ఫ్యాక్టరీకి పోయింది."

"జ్వరమన్నారు?"

"జ్వరం లేదు. నాన్న అక్క ఫోన్ లాక్కుని, గదికి తాళం వేశాడు. నాలుగో రోజు అక్క తల దువ్వుకుని కిటికీ దగ్గర కూర్చుంది. ఇవ్వాళ తలుపక్క వస్తుంది చూడవే అంది. అయిదో రోజూ కూర్చుంది. తర్వాత కూర్చోలేదు."

లోపల్నుంచి బాబాయి వచ్చాడు. "ఇన్నాళ్లకి గుర్తొచ్చిందా మాస్టారూ? ఆవిడొచ్చి పరువు తీస్తుందని నేనే హడలి చచ్చాను. రాకపోయేసరికి, మీరూ వదిలేశారనుకున్నా. ఫ్యాక్టరీ కాగితాల మీద సంతకం పెట్టేశా."

వాణ్ని తిట్టడానికి నోరు తెరిచాను. తిట్టకుండానే వెనక్కి తిరిగి వచ్చేశాను. నా బతుకులో అదే మొదటిసారి.

తలుపక్కకు అంతా చెప్పాను. ఆ రాత్రి బస్సుకే ఫ్యాక్టరీకి వెళ్లింది. గేటు దగ్గరే ఆపేశారు. పెద్దవాళ్ల సంతకం ఉంది, పొమ్మన్నారు. తిరిగొచ్చి, "చేతులు కాలాక ఆకులెందుకు మాస్టారూ" అని హాజరు పట్టీ నా ముందు పడేసింది. మళ్లీ నాతో సరిగ్గా మాట్లాడలేదు. నేను అడగనూ లేదు.

పరీక్ష అయిపోయింది. ఇప్పుడు ఎవరు రాకపోయినా రానట్టే వేస్తున్నాను. తలుపక్క కాళ్లరిగేలా తిరుగుతోంది. అయినా ఈ నెల నలుగురి పేర్లు పైఆఫీసు వాళ్లు కొట్టేశారు. వేసినా నష్టమే, వేయకపోయినా నష్టమే.

నిన్న పైఆఫీసు నుంచి ఒక కవరు వచ్చింది. అందులో బంగారు అంచు కాగితం, దాని మీద గుండుసూది అసలు పేరు గుండ్రటి అక్షరాల్లో ఉంది. పరీక్ష ముందు నెలలో ఒక్క రోజు కూడా మానకుండా వచ్చినందుకు అభినందనలట.