ముహూర్తం రోజున ఖాళీగా ఉన్న కారు

రోజూ మమ్మల్ని కారులో తీసుకెళ్ళే గంగయ్య మధ్యాహ్నం ఫోన్ చేసి "రేపొక్కరోజు రాలేనమ్మా" అన్నప్పుడు నాకు కోపం కూడా రాలేదు. కోపానికీ ఓపిక కావాలి. మాఘమాసం, అందులో రేపు పెద్ద ముహూర్తం. అతని మేనకోడలికే పెళ్ళి. ఇంక ఎవరిని ఏమనను?

కానీ రేపు మావారికి కాకినాడలో రేడియేషన్ ఉంది. గొంతుకి. ముప్ఫై సార్లు ఇవ్వాలన్నారు, పదిహేడు అయ్యాయి. మధ్యలో మానకూడదని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. నా భయం మాత్రం వేరే. రెండు వారాల క్రితం జ్వరమని ఒక్కరోజు ఆగితే, మర్నాడు "ఇవాళా వద్దులే" అన్నారు. ఆ మర్నాడు "ఇంక చాలు సూర్యకళా" అన్నారు. మళ్ళీ కారెక్కించడానికి కాళ్ళా వేళ్ళా పడ్డాను. ఇంకోసారి ఆగితే ఆయన ఇంక కదలరు.

"కారు దొరక్కపోతే మానేద్దాం," అన్నారు సాయంత్రం. గొంతు పోయి గుసగుసలా వస్తోంది మాట. అందులోనూ సంతోషం దాగలేదు. నాకు ఒళ్ళు మండింది. బస్సు సంగతి ఇద్దరం ఎత్తలేదు. మొదటివారం బస్సెక్కితే అనపర్తి రాకుండానే వాంతులు చేసుకున్నారు.

ఏడు ట్రావెల్స్‌కి ఫోన్ చేశాను. "రేపాండీ? రేపు సైకిలు కూడా దొరకదండి," అని ఒకాయన నవ్వాడు. ఫోన్లో వెతగ్గా వెతగ్గా ఒక వెబ్‌సైట్ తేలింది. లోవమ్మ ట్రావెల్స్. తేదీ దగ్గర రేపటిది నొక్కితే "కారు ఉంది" అని ఆకుపచ్చగా వచ్చింది.

ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా అర్జీలు పరిశీలించే సీటు నాది. ఇప్పుడు సెలవులో ఉన్నాననుకోండి. కాగితం ముట్టుకుంటే దొంగదో కాదో చెప్పేస్తానని మా సెక్షన్లో నాకో పేరుంది. ఆ కళ్ళద్దాలే పెట్టుకుని చూడటం మొదలుపెట్టాను.

పైన పటారం, లోన లొటారం. మొదటి పేజీలో అద్దాల మేడ. అలాంటి మేడ మా రాజమండ్రిలో ఉంటే నాకు తెలియదా? చెవులకి మైకు తగిలించుకున్న తెల్లదొరసాని ఒకత్తె నవ్వుతోంది. "మంచుకొండల యాత్రలకు ప్రత్యేక ప్యాకేజీలు" అట. అడ్రసు "ఆర్చి ఎదురుగా". ఏ ఆర్చి అన్నది మనమే ఊహించుకోవాలి. అన్నిటికంటే వింత ఏంటంటే, పెళ్ళిళ్ళ ఊసే లేదు. మా వైపు ట్రావెల్స్ అన్నాక పూలు కట్టిన కారు బొమ్మ లేకుండా ఉంటుందా?

చివర్లో అసలు కారు ఫోటో ఒకటి ఉంది. తెల్ల కారు. సీట్లకి గుడ్డ కాదు, రెక్సిన్. వెనకసీటు మీద మడతపెట్టిన తువ్వాళ్ళ దొంతర.

దాని కింద మెచ్చుకోళ్ళు. నలభై పైనే ఉన్నాయి, ఒక్కరూ అయిదు చుక్కల్లో ఒక్కటి కూడా తగ్గించలేదు. "కష్టంలో ఉన్నప్పుడు ఆదుకున్నారు." "ఆ కష్టంలో సొంత మనిషిలా ఉన్నారు." అందరికీ ఒకటే కష్టమా? ఒకే చేత్తో రాసినట్టుంది, ఆఫీసులో అయితే అక్కడే పక్కన పడేసేదాన్ని. కానీ ఒకావిడ రాసింది చూసి ఆగాను. "తడిబట్టలతో ఎక్కినా ఏమీ అనలేదు." వానేమో అనుకుని తేదీ చూస్తే మే నెల! మే నెలలో రాజమండ్రిలో వానేంటి? దొంగవాడు అబద్ధం రాస్తే నప్పేలా రాస్తాడు గానీ ఇలా రాయడు.

నంబరు నొక్కాను.

"ఆయ్, పెదబాబునండి," అంది అవతల గొంతు. ఆఫీసూ లేదు, దొరసానీ లేదు.

"కాకినాడ ఆసుపత్రికి రేపు పొద్దున్న కారు కావాలి. ఉందా?"

"ఉందండి."

"ఎలా ఉంది? ఊళ్ళో ఏ కారూ లేదుగా!"

"పేషెంటుని తీసుకెళ్ళాలాండి?" అన్నాడు.

"మావారు."

"అయితే చెప్పేస్తానమ్మా, తర్వాత తెలిస్తే బాగోదు. నా బండి పెళ్ళిళ్ళకి ఎవరూ పిలవరండి. అస్థికలు గోదాట్లో కలపడానికి వెళ్ళేవోళ్ళని ఘాట్‌కి తీసుకెళ్తానండి. పన్నెండేళ్ళ నుంచీ అదే పని. కుండ ఉందంటే మిగతా కార్లోళ్ళు ఎక్కించుకోరు కదండి. వెబ్‌సైట్ కంప్యూటర్ సెంటర్లో చేయించాను, ఆ బొమ్మలన్నీ ఆళ్ళు పెట్టినయ్యే. ఉన్నమాట రాయిద్దామంటే, అలాంటిది రాసుకుంటారా అన్నారండి."

తువ్వాళ్ళు, రెక్సిన్, తడిబట్టలు, అందరి కష్టం అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. రాసినవాళ్ళందరూ ఎవరో ఒకరిని గోదాట్లో కలిపి వచ్చినవాళ్ళే. ఆ పేజీ మొత్తం మీద నిజం ఆ ఫోటో, ఆ మాటలే.

చదువుకున్నదాన్నే, ఉద్యోగం చేస్తున్నదాన్నే. అయినా గొంతు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్న మనిషిని ఆ సీట్లో కూర్చోబెట్టడమా? మా ఆడపడుచుకి తెలిస్తే నన్ను బతకనివ్వదు. కానీ కారు వద్దంటే రేపు ఆయన మానేస్తారు. ఎల్లుండీ మానేస్తారు. ఆ తర్వాత నేనే ఈ నంబరుకి ఫోన్ చెయ్యాల్సి వస్తుంది. ఆ ఆలోచన వచ్చినందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

"ఏడున్నరకి రండి," అన్నాను. "మావారితో మాత్రం ఈ సంగతి చెప్పకండి."

ఏడింటికే వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. హారన్ కొట్టలేదు, గేటు దగ్గర నిలబడ్డాడు. మావారిని చూసి "ఎలా ఉందండి, ఏం జబ్బండి" అని అడగలేదు. తలుపు తీసి, తల తగలకుండా పైన చెయ్యి అడ్డం పెట్టాడు. పాటలు పెట్టలేదు. కాలవ రోడ్డు మీద ప్రతి గుంత దగ్గరా బండి ఆగిపోతుందేమో అన్నంత నెమ్మదిగా దాటించాడు. పూలు కట్టిన కార్లు మమ్మల్ని దాటుకుని దూసుకుపోతున్నాయి.

ద్వారపూడి దాటాక మావారు ముందుకి వంగారు. "ఏం బాబూ, ఇంత ముహూర్తంలో ఖాళీగా ఎలా దొరికావు?"

పెదబాబు అద్దంలో నా వైపు చూశాడు. "అమ్మగారు చెప్పొద్దన్నారండి," అన్నాడు.

అంత నిజాయితీ నాకు ఆ పూట అక్కర్లేదు. మావారు నా వైపు తిరిగారు. ఈ జబ్బు మొదలైనప్పటి నుంచీ ఎన్ని అబద్ధాలాడానో లెక్కలేదు. గొంతునొప్పని బంధువులకి, తగ్గుతోందని ఆయనకి. ఇంకొకటి అల్లే ఓపిక లేకపోయింది.

"అస్థికలు తీసుకెళ్ళే బండండి ఇది. వేరేది దొరకలేదు," అన్నాను.

ఆపమంటారనుకున్నాను. ఆయన చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్ళింది కూడా. అనపర్తి వెళ్ళిపోయింది, బిక్కవోలు వెళ్ళిపోయింది, చెయ్యి అక్కడే ఉంది. సామర్లకోట పొలిమేరలో అడిగారు.

"అయితే ఇందులో ఎక్కినవాళ్ళు ఎవరూ తిరిగి రారన్నమాట."

"అదేంటండి బాబుగారూ!" పెదబాబుకి నిజంగానే కష్టం వేసినట్టుంది. "కుండ ఒక్కటే గోదాట్లో ఉండిపోద్దండి. ఎక్కిన మనుషుల్ని అందర్నీ ఇంటికాడ దింపే వచ్చానండి. పన్నెండేళ్ళలో ఒక్కర్ని కూడా దారిలో ఒదిలెయ్యలేదు."

మావారు వెనక్కి వాలారు. చెయ్యి తలుపు పిడి మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

ఆసుపత్రి ముందు రోజూ పది నిమిషాల గొడవ మాది. ఇంకాసేపు ఆగుదామంటారు, మంచినీళ్ళంటారు, కళ్ళు మూసుకుంటారు. ఆవేళ నేను ఫైలు సర్దుకుంటూ ఉండగానే తలుపు తీసుకుని దిగారు. డ్రైవరు కిటికీ దగ్గరికి వెళ్ళి, లేని గొంతు పెగల్చుకుని చెప్పారు.

"ఎక్కడికీ వెళ్ళకు పెదబాబూ. ఇంటి దగ్గర దింపాలి నన్ను."