లావు పుస్తకంలో మిగిలిపోయిన మాట

పొద్దున్నే అక్కయమ్మ పాల క్యానుతో వీధిలోకి వచ్చేసరికి కేజీఎఫ్ ఆండర్సన్‌పేటలో సగంమంది బెంగళూరు రైలెక్కి వెళ్ళిపోయి ఉంటారు. మిగిలిన సగం గిన్నెలు పట్టుకుని గుమ్మాల్లో నిలబడతారు. ఆ రోజూ అంతే. పాలు రోజురోజుకీ పల్చబడుతున్నాయని జలజ ఎప్పటిలాగే అన్నది. అక్కయమ్మ ఎప్పటిలాగే "ప్రిపోస్టరస్" అని క్యాను మూత బిగించింది.

అక్కయమ్మకు అక్షరం ముక్క రాదు. ఇంగ్లీషులో ఆమెకున్నది ఆ ఒక్క మాటే. అది ఆమె భర్త దాసప్ప ఇచ్చిపోయినది. గనిలో పీల్చిన రాతిదుమ్ము గుండెల్లో పేరుకుపోయి మంచం పట్టినప్పుడు దాసప్ప ఆమెను పిలిచి, "నువ్వు బేరాలు చేసేదానివి, నీకు పనికొస్తాది, పెట్టుకో" అని, 'శుద్ధ తలతిక్క మాట' అనే అర్థం చెప్పి మరీ ఇచ్చాడు. ఆ తర్వాత ఆ మాట అతని నోట రాలేదు. ఒకరికి ఇచ్చేశాక మన దగ్గరెందుకు ఉంటుంది?

దాసప్పకు ఆ మాట లావు పుస్తకంలో దొరికింది. బంగారు గనులు మూసేసిన ఏడాది, కంపెనీ క్లబ్బులో సామాన్లన్నీ ఎవరికి చిక్కింది వాళ్ళు మోసుకుపోతుంటే, కూలీల హాజరు రాసే టైమాఫీసు గుమాస్తా పద్మనాభ ఒక ఇంగ్లీషు నవల తెచ్చుకున్నాడు. ఒకప్పుడు ప్రతి రైల్వే స్టేషన్లోనూ అమ్ముడుపోయిన నవలే. అట్ట ఊడిపోయింది కాబట్టి పేరెవరికీ తెలియదు. సముద్రం ఒడ్డున ఒక పెద్ద ఇల్లు, అందులో ఒక తల్లి, ఆమె కొడుకు, మధ్యలో బోలెడు ఏడుపులు. ఉద్యోగాలు పోయి, బెంగళూరులో కొత్తవి వెతుక్కోవలసి వచ్చినవాళ్ళంతా దాన్ని ఒకరి తర్వాత ఒకరు పట్టుకెళ్ళి రైల్లో చదివారు. అందులో ఒక గట్టి మాట ఎవరికైనా నిజంగా అర్థమైతే, ఆ మాట పేజీలోంచి లేచి వాళ్ళకు వచ్చేస్తుంది. అది ఉన్నచోటల్లా తెల్లగా ఖాళీ మిగిలిపోతుంది. ఇక ఆ మాట వాళ్ళ సొంతం. నిద్రలో లేపి అడిగినా తడబడకుండా పలుకుతారు. అందుకే ఆ వీధిలో ఆటో నడిపే రామాంజినప్ప వానాకాలమంతా దిగులుగా "మెలంకలీ" అంటుంటాడు, కిరాణా కొట్టాయన అప్పు అడిగినవాళ్ళను చూసి "రిలక్టెంట్" అని తల అడ్డంగా ఊపుతాడు.

ఎక్కువ మాటలు సంపాదించింది మాత్రం పద్మనాభే. పుస్తకం ఇంట్లోనే ఉంది కదా మరి. వాటన్నిటిలోకి ఆయనకు ప్రాణమైనది "నెవర్‌దిలెస్." కాఫీ బాగుంది, నెవర్‌దిలెస్ చక్కెర తక్కువైంది. పెళ్ళి ఘనంగా చేశారు, నెవర్‌దిలెస్ సాంబారులో ఉప్పు లేదు. ఆ మాట పలికేటప్పుడు ఆయన కళ్ళజోడు సర్దుకునేవాడు.

ఆయన కూతురు సుప్రీత చేతికి ఆ పుస్తకం వచ్చేసరికి అది జల్లెడలా మారిపోయింది. మంచి మాటలన్నీ ఎవరో ఒకరు పట్టుకుపోయారు. నల్లగా మిగిలినవి గని మాటలే. గని బావికి షాఫ్ట్, మనుషుల్ని దించే బోనుకు కేజ్, ఇంకా స్కిప్. ఇవి మనకు పుట్టుకతో వచ్చినవే, మళ్ళీ కొత్తగా రావలసిన పని లేదు కాబట్టి పేజీలో ఉండిపోయాయని వీధి మొత్తం నమ్మకం. కథలో కొడుకు అలిగి భోజనం "స్కిప్" చేస్తే, అన్నాన్ని ఖనిజం పైకి తెచ్చే తొట్టిలో వేసి పంపించాడని పద్మనాభ అర్థం చెప్పాడు. అదే వరసలో ఇంకొక మాట ఉంది. ఆ తల్లి కొడుకును ఎంతో ప్రేమగా, రోజూ కొంచెం కొంచెంగా, "అండర్‌మైన్" చేస్తూ వచ్చిందట.

"అండర్ అంటే కింద. మైన్ అంటే గని," అన్నాడు పద్మనాభ. "బిడ్డ మీద ప్రేమ గదా, రోజూ తోడు పిలుచుకొని గని అడుక్కి దిగతా ఉండాది."

"సముద్రం కాడ గని యాడిదప్పా?" అని సుప్రీత అడిగింది.

"ఇంగ్లీషోళ్ళు యాడైనా తవ్వుతారమ్మా," అన్నాడు ఆయన. ఆ సంగతి కేజీఎఫ్‌లో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు గనుక మాట అక్కడితో ఆగిపోయింది.

సుప్రీత బీకాం చదివింది. ఇంగ్లీషు చదివితే అర్థమవుతుంది, రాస్తే వస్తుంది, నోరు తెరిస్తే మాత్రం ఎండిపోతుంది. బెంగళూరులో ఇంటర్వ్యూలకు వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చింది. ఇప్పుడు బెంగళూరు దారిలో ఉన్న నరసాపురంలో బైకుల ఫ్యాక్టరీ నుంచి పిలుపొచ్చింది. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో వచ్చి కొత్తగా చేరే కుర్రవాళ్ళకు, మెషీన్ల దగ్గర జాగ్రత్తగా ఎలా మసలుకోవాలో చెప్పే పని. ఆమెకు ఆ పని కావాలి. నలుగురి ముందు నిలబడి మాట్లాడాలని చిన్నప్పటి నుంచీ కోరిక. "ఇది గూడా పోతే ఇంగ యాడికీ పోనమ్మా, చిన్నాయన బట్టలకొట్లో కూర్చుంటాను," అని తల్లి జలజతో చెప్పేసింది. జలజకు ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

రోజూ సాయంత్రం పద్మనాభ కూతురిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇంగ్లీషులో ప్రశ్నలడిగేవాడు. ఆమె రెండు వాక్యాలు చెప్పగానే, "బాగానే చెప్పినావమ్మా. నెవర్‌దిలెస్, ఆ 'ద' పలికేది అట్ల కాదు." ఇంకో రెండు చెప్పగానే, "బాగానే ఉండాది. నెవర్‌దిలెస్, వాళ్ళు ఇంత నిదానంగా వింటారా అని." ఎవరైనా ఇంటికి వస్తే, ఆమె వింటుండగానే, "మా పాప శానా తెలివైంది. నెవర్‌దిలెస్, భాష కొంచెం వీక్. రాకపోతే ఏం లే, అందరికీ రావల్లనా?" అని ఆమె తల నిమిరేవాడు. కోపమన్నది లేదు, ఒక్క కసురు లేదు. అంత ప్రేమగా చెప్పే మనిషిని ఏమనగలదు? రాత్రి అద్దంలో చూసుకుంటే మాత్రం, నిన్నటికంటే ఇవాళ తనకు తక్కువ వచ్చినట్టుండేది. తప్పు తనదేననుకునేది.

ఇంటర్వ్యూ ఇంక రేపనగా, మధ్యాహ్నం అక్కయమ్మ కొట్టం గోడ పడిపోయింది. వాన లేదు, గాలి లేదు. చప్పుడుకు వీధంతా పరుగెత్తింది. ఆవు బయట మేస్తోంది కాబట్టి బతికిపోయింది. సుప్రీత ఇటుకలు పక్కకు తీయడానికి సాయం పట్టింది.

"ఎవురు గుద్దినారు అక్కయమ్మా, ఆటోనా?" అని అడిగింది.

రామాంజినప్ప అదిరిపడి తన ఆటో వైపు చూసుకున్నాడు.

"గోడని ఎవురూ ముట్టలే పాపా," అన్నది అక్కయమ్మ, పునాది దగ్గర బొరియలు చూపిస్తూ. "పందికొక్కులు. కింద మట్టి తీసేసినాయి, రోజూ రోంత రోంత. గోడకేం తెలస్తాది? నేను బాగానే నిలబడుండానే అనుకొంటా ఉంటాది."

సుప్రీత చేతిలో ఇటుక చేతిలోనే ఉండిపోయింది. మైన్ అంటే గని ఒక్కటే కాదు, తవ్వడం కూడా. కింద తవ్వడం. రోజూ కొంచెం కొంచెంగా. ఇటుక పక్కన పెట్టి ఇంటికి పోయి పుస్తకం తెరిచింది. సముద్రం ఒడ్డున ఆ తల్లి కొడుకును గనిలోకి దించలేదు. అతని కాళ్ళ కింద మట్టి తీసేసింది, ఎంతో ప్రేమగా. అది అర్థమైన క్షణంలో ఆ మాట పేజీలోంచి లేచి ఆమెకు వచ్చేసింది. దాని చోటు తెల్లబడింది. ఇంతమంది చదివిన పుస్తకంలో ఇన్నేళ్ళూ ఎవరికీ రాని మాట తనకొచ్చినందుకు ఆమె సంతోషపడాలి. సంతోషం రాలేదు, ఏడుపొచ్చింది. తల్లీకొడుకుల కథ చదువుతూ ఆమె చూసింది తమ వసారాలో సాయంత్రాలను.

ఆ సాయంత్రం పద్మనాభ ఎప్పటిలాగే కుర్చీ వేసుకున్నాడు. ఆమె రెండు వాక్యాలు చెప్పింది. "బాగానే చెప్పినావమ్మా. నెవర్‌దిలెస్..." అని ఆయన మొదలుపెట్టాడు.

"యూ ఆర్ అండర్‌మైనింగ్ మి, అప్పా," అన్నది సుప్రీత. ఒక్క అక్షరం తడబడలేదు.

పద్మనాభ కళ్ళజోడు తీశాడు. "మైన్ మూసి శానా ఏండ్లాయె గదమ్మా," అన్నాడు అయోమయంగా.

ఆమె పుస్తకం తెచ్చి ఆ పేజీ తీసి ఆయన ఒడిలో పెట్టింది. ఆయన ఆ ఖాళీని వేలితో తడిమాడు. ఆ పేజీ ఆయనకు కంఠతా వచ్చు, అక్కడ ఏ మాట ఉండేదో తెలుసు. "నీకెట్ల వచ్చింది ఇది? దీని అర్థం నేను చెప్పింది కాదా?" అన్నాడు.

"కాదప్పా. అక్కయమ్మ గోడ చూస్తివి గదా. ఎవురూ కొట్టలే. కింద మట్టి తీసేసినారు, అంతే."

పద్మనాభకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది, అర్థమయ్యాక ఆయన ముఖం చూడలేక జలజ వంటింట్లోకి తప్పుకుంది.

ఆయన ఆ ఖాళీ మీద వేలు పెట్టి చెప్పుకొచ్చాడు. "గని మూసినాక నేను గూడా బెంగళూరికి పోయినానమ్మా, ఇంటర్వ్యూకి. మీ అమ్మకి గూడా చెప్పలే. ఈ పుస్తకంలో పెద్ద పెద్ద మాటలన్నీ వాడినాను. ఆడ ఒక పిల్లోడు ఇంగొక పిల్లోడి పక్క చూసి నవ్వినాడు. అదే రైల్లో వచ్చేసినాను. నిన్ను చూసి ఎవురూ అట్ల నవ్వకూడదని..." పుస్తకం మూశాడు. "ముందే ఆశ తగ్గిచ్చుకొని పోతే దెబ్బ తగలదు అనుకొన్నా."

సుప్రీతకు కోపం కరిగిపోయింది. ఆ నవ్విన పిల్లోడు ఇప్పుడెక్కడున్నా వెళ్ళి నాలుగు దులపాలనిపించింది.

పద్మనాభ కళ్ళు తుడుచుకుని కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాడు. "దాసప్ప వాళ్ళావిడకి ఇచ్చినట్ల నీకొకటి ఇస్తాను, పెట్టుకో. నెవర్‌దిలెస్. అంటే, 'అయినా సరే' అని. నేను దీని వెనక ఎప్పుడూ కొరతే చెప్పినాను. నువ్వు ముందు కొరత చెప్పేసి, వెనక నీ బలం చెప్పు." ఆయన చెయ్యి ఆమె చేతి మీద ఉంది. మాట ఆమెకు వచ్చేసింది.

మర్నాడు పొద్దున బయల్దేరే ముందు ఆమె అద్దం ముందు నిలబడి ఇంగ్లీషులో తన గురించి చెప్పుకుంటుంటే పద్మనాభ గుమ్మంలోంచి విన్నాడు. "బాగానే చెప్పినావమ్మా," అన్నాడు. అలవాటుగా నోరు ఇంకా తెరిచే ఉంది. తర్వాతి మాట కోసం ఇటూ అటూ చూశాడు, దొరకలేదు. వాక్యం అక్కడే ముగిసిపోయింది. బాగా చెప్పావని తండ్రి అని ఊరుకోవడం సుప్రీత పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఆమె చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

నరసాపురంలో ఎదురుగా కూర్చున్నావిడ కాగితాలు చూసి ఇంగ్లీషులో సూటిగానే అడిగింది. మార్కులు మామూలుగా ఉన్నాయి, అనుభవం లేదు, ఇంతకంటే మెరుగైనవాళ్ళు బయట వరసలో ఉన్నారు, నిన్నెందుకు తీసుకోవాలి? సుప్రీత నోరు ఎండిపోవడం మొదలైంది. మార్కులు తక్కువే, అనుభవం లేదు, నిజమే అని ఒప్పుకుంది. "నెవర్‌దిలెస్," అన్నది. ఆ మాట అంటే ఆగడానికి లేదు, వెనక ఏదో ఒకటి చెప్పి తీరాలి. ఆమె చెప్పింది. మా ఊళ్ళో జాగ్రత్త అన్న మాట ఒకరు సరిగ్గా చెప్పకపోతే ఇంకొకరు గనిలోంచి ఇంటికి వచ్చేవాళ్ళు కాదు, ఆ మాటను అవతలివాళ్ళ బుర్రకెక్కేలా ఎలా చెప్పాలో వింటూ పెరిగాను అని. మధ్యలో ఒకటో రెండో వ్యాకరణం తప్పులు దొర్లాయి. వాటి కింద ఎవరూ తవ్వలేదు.

సుప్రీత ఉద్యోగంలో చేరే పొద్దున ఆ కబురు విని అక్కయమ్మ పాలు పోస్తూ ఆగిపోయింది. రామాంజినప్ప ఆటో తుడుస్తూ పద్మనాభతో, "నరసాపురం శానా దూరం గదప్పా. షిఫ్టు పని. ఆడపిల్ల. మార్కులు గూడా సుమారే అంటివి," అన్నాడు.

"ప్రిపోస్టరస్," అన్నది అక్కయమ్మ.

పద్మనాభ అలవాటుగా కళ్ళజోడు సర్దుకున్నాడు. నోరు తెరిచి, పెద్ద మాట కోసం కాసేపు వెతికాడు. పేట చివర కంపెనీ బస్సు హారను వినపడింది. సుప్రీత భోజనం డబ్బా పట్టుకుని ఆయన పక్కనుంచే పరుగున వెళ్ళింది.

"అయినా పోతాదప్పా మా పాప," అన్నాడు పద్మనాభ.