భుజం మీద చెయ్యి

"మొన్న మంత్రిగారు నాతో ఏమన్నారో తెలుసా?" అననిదే ఆయనకు మాట మొదలయ్యేది కాదు. అందుకే ఆ న్యూస్ ఛానెల్ ఆఫీసులో అందరూ ఆయన్ని మొన్నగారు అనేవారు, చాటుగానే లెండి. ఏ హీరో పేరెత్తినా మొన్న తన కారులోనే వచ్చాడంటారు. అలాగని మిగతావాళ్లేమైనా తక్కువ తిన్నారా? అక్కడ ఎవరి గొప్ప ఎవరూ వినరు. ఎదుటివాడు ఎప్పుడు ఊపిరి పీల్చుకుంటాడా, తమ గొప్ప ఎప్పుడు మొదలుపెడదామా అని కాచుక్కూర్చుంటారు.

మొన్నగారి దగ్గర ఫొటోలు కూడా ఉన్నాయి. రోజుకొకటి ఆన్‌లైన్‌లో పెట్టేవారు. మంత్రితో దిగిన ఫొటోలో మొన్నగారి భుజం మీద ఒక చెయ్యి ఉంటుంది.

"మీకూ మంత్రిగారికీ అంత చనువా సార్!" అంది యాంకరమ్మ ఒకసారి.

"ఆయనంతేనమ్మా, మనమంటే పడి చస్తాడు."

అబద్ధం. ఆ చెయ్యి పొడుగుది.

పొడుగు అని అందరూ పిలిచే అతను ఆయనతో పాటే ఉద్యోగంలో చేరిన రిపోర్టర్. ఇద్దరూ ఒకే స్కూటర్ మీద తిరిగి, ఒకే టీని చెరిసగం తాగి పని నేర్చుకున్నారు. ఎప్పుడూ పక్కనే ఉంటాడు కాబట్టి ప్రతి ఫొటోలోనూ పడేవాడు. పక్కన ఇంకో రిపోర్టరుంటే తన గొప్పేముంటుంది? అందుకని మొన్నగారు అతన్ని కత్తిరించి, తనూ ఆ పెద్దమనిషీ మాత్రమే ఉండేట్టు చేసి, తన దగ్గరున్న అసలు ఫొటో తీసేసేవారు.

"పోనీలేరా, నా చెయ్యయినా మిగిల్చావు," అని నవ్వేవాడు పొడుగు.

ఆ పొడుగు ఏడాదిపాటు మంచాన పడ్డాడు. ఈ ఆదివారం వెళ్దాం, వచ్చే ఆదివారం వెళ్దాం అనుకుంటూనే ఉన్నారు మొన్నగారు. ఇంతలో అతను పోయాడు.

మర్నాడు కూతురు ఫోన్ చేసింది. "అంకుల్, పేపర్లో వెయ్యడానికి నాన్న ఫొటో ఒక్కటి కావాలి. జబ్బు చేశాక తీసినవాటిలో నాన్న నాన్నలా లేడు. పాతవి మీ దగ్గర బోలెడుంటాయంది అమ్మ."

"బోలెడున్నాయమ్మా. ఇప్పుడే పంపిస్తా."

క్యాంటీన్‌లో ఓ మూల కూర్చుని ఫోన్ తెరిచారు. మంత్రీ తనూ, అంచున ఒక మోచెయ్యి. క్రికెటరూ తనూ, అంచున ఒక చొక్కా చెయ్యి. హీరో, తను, ఎవరిదో సగం చెవి. ఎంత వెనక్కి వెళ్లినా పొడుగు మొహం లేదు. ఇన్నేళ్ల స్నేహంలో తను దాచుకున్నది ఇదా?

మంత్రిగారి ఆఫీసులో పాత ఫొటోలుంటాయేమోనని ఫోన్ చేశారు.

"ఎవరండీ? ఏ ఛానెలు?" అన్నాడు పీఏ.

మొన్నగారికి పేరు చెప్పబుద్ధి కాలేదు. పెట్టేశారు.

ఫోన్‌లో చెప్పే మొహం లేక వాళ్లింటికే వెళ్లారు. గదిలో అడుగుపెడుతూనే గోడ మీద ఫొటో కనిపించింది. మంత్రితో దిగిన ఆ ఫొటోనే. మంత్రి మాత్రం లేడు. పొడుగు కూడా కత్తిరించాడన్నమాట! కానీ అతను తీసేసింది మంత్రిని. మిగిలింది ఇద్దరు కుర్ర రిపోర్టర్లు, ఒకడి చెయ్యి ఇంకొకడి భుజం మీద, పగలబడి నవ్వుతూ.

"ఇదే వేద్దామనుకున్నాం అంకుల్," అంది అమ్మాయి. "మిమ్మల్ని కత్తిరించమన్నారు పేపరువాళ్లు. అమ్మకి మనసొప్పలేదు. 'అన్నయ్యగారిని తీసేస్తే మీ నాన్న ఊరుకోడు' అంది. అందుకే వేరే ఫొటో ఉందేమోనని మిమ్మల్ని అడిగాం. దొరికిందా?"

"దొరకలేదమ్మా. నన్ను కత్తిరించెయ్యి, ఫర్వాలేదు."

అమ్మాయి గోడ మీది ఫొటోను ఫోన్‌తో తీసి, అంచులు జరుపుతూ కూర్చుంది. "భుజం మాత్రం పోవట్లేదంకుల్. నాన్న చెయ్యి దాని మీదే ఉంది."

"ఉండనీ తల్లీ."

మర్నాడు ఆఫీసులో బల్ల మీద పేపరు ఆ పేజీకే తెరిచి ఉంది. పొడుగు నవ్వుతున్నాడు. అతని చేతికింద ఎవరిదో భుజం. అందరూ వచ్చి చూశారు, అయ్యో పాపమన్నారు, మంత్రిగారి ప్రెస్ మీట్‌కి ఎవరెళ్లాలో మాట్లాడుకుంటూ వెళ్లిపోయారు. ఆ భుజం ఎవరిదని ఒక్కరైనా అడుగుతారేమోనని మొన్నగారు సాయంత్రం దాకా ఆ బల్ల దగ్గరే కూర్చున్నారు. ఎవరూ అడగలేదు.