వరస గడి

గొడుగుల ఫ్యాక్టరీలో ఆవిడ అసలు పేరు తలుపుకి కొట్టిన రేకు మీద తప్ప ఇంకెక్కడా ఉండదు. అందరికీ సెలవులమ్మే. అరవై ముగ్గురు పనివాళ్ళ హాజరూ, అలకలూ, అర్జీలూ అన్నీ ఆవిడ బల్ల మీదే వచ్చి పడతాయి. జ్వరానికి రెండు రోజులు, పిల్లాడి బడికి ఒక గంట, మొగుడితో పోట్లాడి పుట్టింటికి వెళ్ళడానికి ఒక పూట. "ఒక్క పూట చాలుతుందా?" అని ఓసారి అడిగితే, "ఎందుకు చాలదమ్మా, ఆయనకి పొయ్యి వెలిగించడం కూడా రాదు, మధ్యాహ్నానికల్లా కాళ్ళబేరానికి వచ్చేస్తాడు" అని జవాబొచ్చింది. ఇలాంటివన్నీ విని, నవ్వు బిగబట్టుకుని, రిజిస్టర్లో మాత్రం "సొంత పని" అని పొందిగ్గా రాసే మనిషి ఆవిడ.

అలాంటి మనిషిని ఒక మంగళవారం పొద్దున్నే టపటప "మేడమ్" అని పిలిచింది.

టపటపది మూడో బల్ల. తయారైన ప్రతి గొడుగునీ మూడుసార్లు తెరిచి మూసి, పుల్ల ఎక్కడైనా వంకర పోయిందేమో చూసి పంపాలి. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ మూల నుంచి అదే చప్పుడు. నోరు కూడా గొడుగుల్లాగే ఆడుతూ ఉంటుంది కనక ఆ పేరు రెండు విధాలా అతికిపోయింది. ఏడేళ్ళుగా "అక్కా" అంటూ తలుపు తోసుకుని లోపలికి వచ్చేసే పిల్ల, ఉన్నట్టుండి మేడమ్ అనేసరికి సెలవులమ్మ రాస్తున్నది ఆపి తలెత్తింది.

అలా అనడానికి కారణం ఉంది. ఈసారి అడగవలసింది అక్కని కాదు, ఆఫీసుని. టపటప పిన్ని స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. వచ్చే సోమవారం ఆపరేషను. టపటపకి రెండేళ్ళప్పుడు కన్నతల్లి పోతే, చంకనేసుకుని తెచ్చుకుని, జడలు వేసి, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుని పెంచింది ఆ పిన్నే. దీనికోసం తన పెళ్ళి మాటే తలపెట్టలేదు. ఇప్పుడు రెండు వారాలు పక్కన మనిషి లేకపోతే ఆవిడ మంచం దిగలేదు. చెప్పకుండా మూడు రోజులు మానేస్తే బల్ల ఇంకొకరికి పోతుంది. అయితే కేంద్రం కొత్తగా చట్టం తెచ్చింది కదా, ఇంట్లోవాళ్ళకి జబ్బు చేస్తే రెండు వారాల సేవా సెలవు, తిరిగి వచ్చేదాకా ఎవరి బల్ల వాళ్ళకే అని. టపటప గబగబా ఫారం నింపి తెచ్చింది. చూసుకోవలసిన వ్యక్తి: పిన్ని.

చట్టంలో కుటుంబమంటే తల్లి, తండ్రి, భర్త లేక భార్య, పిల్లలు. అంతే. పిన్ని లేదు.

సెలవులమ్మ ఫారాన్ని అటూ ఇటూ తిప్పింది. గొంతు తగ్గించి, "పోనీ, అమ్మ అని రాసిచ్చెయ్యరాదూ?" అంది.

టపటప కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. "మా అమ్మ పోయింది మేడమ్. పోయినావిడని కాగితం మీద బతికించి, ఉన్నావిడని లేకుండా చెయ్యమంటారా?" అని ఫారం అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది.

చట్టమైతే వచ్చింది గానీ, అందులో ఈ కుటుంబం అనే మాటని సవరించాలా వద్దా అని పార్లమెంటులో నాలుగు నెలలుగా రభస. ఆ నలుగురు చాలని ఒక పక్షం, పెంచినవాళ్ళంతా కుటుంబమేనని ఇంకో పక్షం. మధ్యలో రాష్ట్రాలు, సెలవుల సంగతి మా చేతిలోది, చెప్పడానికి మీరెవరని. క్యాంటీన్ టీవీలో ఆ చర్చ వస్తుంటే పనివాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని సీరియల్ చూసినట్టు చూసేవాళ్ళు. "ఆ కళ్ళజోడాయనకి అత్తగారితో పడదల్లే ఉంది, అత్తలొద్దని బల్ల గుద్ది మరీ చెబుతున్నాడు" అనేవాడు కటింగ్ మాస్టారు.

సెలవులమ్మ తిన్నగా యజమాని గదికి వెళ్ళింది. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు.

"వాళ్ళని తేల్చనీ అమ్మా" అన్నాడాయన. "పోయినసారి ఏమైంది? పని గంటలు తగ్గిస్తాం అంది కేంద్రం. మనం పొంగిపోయి ముందే గంట కొట్టి ఇళ్ళకి పంపించాం. నెల తిరక్కుండా కోర్టు ఆపేసింది. ఇచ్చిన గంట మళ్ళీ లాక్కుని, వాళ్ళ మొహాలు చూడలేక నాలుగు రోజులు వెనక గేటు నుంచి వచ్చాను నేను."

అది నిజమే. ఆ నాలుగు రోజులూ ఆ గేటు తాళం తీసింది సెలవులమ్మే.

"పైగా ఇవాళ పిన్ని అని రాస్తే రేపు మేనత్త, ఎల్లుండి అమ్మమ్మ, ఆ పైన పక్కింటి పెద్దమ్మ. ఆ జాబితాకి చివరెక్కడ, నువ్వే చెప్పు?"

ఆవిడ ఫారం మడిచి పట్టుకుని తన బల్ల దగ్గరికి తిరిగొచ్చింది.

మర్నాడే కేంద్ర కార్మికశాఖ నుంచి ఉత్తరం వచ్చింది. మీ సంస్థలో పనివాళ్ళు ఇళ్ళలో ఎవరెవర్ని చూసుకుంటున్నారో పట్టిక రాసి, శుక్రవారంలోగా అభిప్రాయం పంపమని. సెలవులమ్మ హడావిడిగా పట్టిక గీసింది. మొదటి గడి వరస సంఖ్య, తరవాత పేరు, ఆ తరవాత చూసుకోవలసినవారు. మొదటి గడి మరీ ఇరుకై "సంఖ్య" అన్న మాట పట్టలేదు. ఒకటీ రెండూ వేసుకోవడమే కదా, ఆమాత్రం తెలియదా అనుకుని "వరస" అని వదిలేసింది. కాగితానికి దారంతో పెన్ను కట్టి క్యాంటీన్ బల్ల మీద పెట్టింది.

గురువారం సాయంత్రం తీసి చూస్తే ఒక్క అంకె లేదు.

కటింగ్ మాస్టారి పేరు ముందు "బాబాయి". కుట్టు మిషను దగ్గరి ఆవిడ ముందు "వదిన". వాచ్‌మన్ ముందు, గడి దాటి కాగితం అంచుదాకా, "తాతయ్య. అన్నయ్య అన్నా అభ్యంతరం లేదు". మిషన్లు బాగుచేసే మెకానిక్ ముందు "బావ" అని రాసి ఉంది. దాన్ని అడ్డంగా కొట్టేసి, ప్యాకింగ్‌లో పనిచేసే అతని పెళ్ళాం చేతిరాతతో "తమ్ముడు" అని ఉంది.

"ఇదేంటి మాస్టారూ?"

"నువ్వే కదమ్మా వరస రాయమన్నావు! పేరుకి ముందు వరస అంటే, నీకు మేం ఏమవుతామో అడిగావనుకున్నాం. ఇవన్నీ కేంద్రానికెందుకు అనిపించింది గానీ, చదువుకున్నదానివి, ఏదో ఉంటుందిలే అని రాశాం."

సెలవులమ్మకి నవ్వాగలేదు. కళ్ళు తుడుచుకుంటూ ఒక్కో పేరూ చదువుకుంటూ కిందికి వచ్చి, నలభై ఒకటో పేరు దగ్గర ఆగిపోయింది. టపటప. చూసుకోవలసినవారు, పిన్ని. వరస గడి ఖాళీ.

అందరూ ఏదో ఒకటి అయ్యారు. అదొక్కతే ఏమీ కాలేదు.

ఆవిడ కుర్చీ వెనక్కి తోసి లేచింది. కాగితం తీసుకెళ్ళి పెద్దాయన ముందు పెట్టింది.

"ఈ బావ ఎవడు?" అన్నాడాయన.

"తమ్ముడైపోయాడు లెండి. జాబితాకి చివరెక్కడ అన్నారు కదా మొన్న? వీళ్ళెవరూ జాబితా చూసి రాయలేదు. ఎవరికెవరు ఏమవుతారో ఒక్కళ్ళూ తడుముకోలేదు. పిన్ని తల్లి వరస, బాబాయి తండ్రి వరస. జాబితా వద్దు, మన సెలవు నిబంధనలో ఒక్క ముక్క చేర్చండి: పెంచినవాళ్ళయితే తల్లి వరసా తండ్రి వరసా కూడా. చట్టం ఇచ్చినదానికన్నా ఎక్కువ ఇస్తే యజమానికి అడ్డులేదని ఉత్తరం అడుగున చిన్నక్షరాల్లో ఉంది."

"రేపు కేంద్రం కాదంటే? కోర్టు ఆపేస్తే?"

"ఆపితే వాళ్ళ సెలవు ఆగుతుంది. ఇది మన సెలవు. మీరు తీసుకుంటే తప్ప ఇంకొకళ్ళు తీసుకోలేరు. వెనక గేటు తాళం ఇక నా దగ్గర అక్కర్లేదు."

పెద్దాయన మీసాల చాటున నవ్వాడు. "తనిఖీకొచ్చినాయన వరసంటే ఏమిటని అడిగితే?"

"వాళ్ళావిడ చెల్లెల్ని వాళ్ళ పిల్లలు ఏమని పిలుస్తారో అడుగుదాం."

ఆయన పెన్ను తీసి, నిబంధనల పుస్తకంలో ఆ ముక్క రాసి, సంతకం పెట్టబోయి ఆగాడు. "అందరూ ఉన్నారు. ఈ పట్టికలో నేను లేనే?"

"మీరు పెద్దాయన కదండీ. అదీ వరసే."

సంతకం పడింది. పట్టిక శుక్రవారం టపాలో వెళ్ళింది. సోమవారానికి టపటప ఆసుపత్రిలో పిన్ని మంచం పక్కన ఉంది.

ఆ రెండు వారాలూ మూడో బల్ల దగ్గర ఇంకెవరో గొడుగులు తెరిచారు. తెరిచారే గానీ, మాట లేని ఆ చప్పుడు ఎవరి చెవికీ ఆనలేదు. సెలవులమ్మ రోజుకి రెండుసార్లు ఫోను వంక చూసేది. అది మోగలేదు.

మూడో సోమవారం పొద్దున్న మూలనించి మళ్ళీ టపటపమని మొదలైంది. ఆ రోజు టపాలోనే కార్మికశాఖ జవాబూ, దానికి గుచ్చి ఆ పట్టికా తిరిగొచ్చాయి. మీ అభిప్రాయం అందినది. పట్టికలో వరస సంఖ్యలు లేవు. సరిచేసి మళ్ళీ పంపగలరు.

సెలవులమ్మ నెత్తి కొట్టుకుని, బాబాయి పక్కన ఒకటి, వదిన పక్కన రెండు అంటూ చిన్న చిన్న అంకెలు ఇరికించుకుంటూ వస్తోంది. నలభై దాకా వచ్చేసరికి తలుపు దగ్గర అలికిడైంది. టపటప. ఎప్పుడూ లేనిది, గడప అవతలే నిలబడింది.

"మీ పిన్నికెలా ఉంది?"

"నిన్న గుమ్మందాకా నడిచింది. నాలుగడుగులకే ఆయాసం, దానికి తోడు నా మీద కసుర్లు." అక్కణ్ణించే మెడ సాచి కాగితం చూసింది. "ఏంటది? నా గడి ఖాళీగా ఉంది."

"నలభై ఒకటి వేస్తున్నాలే."

"ఆగాగు" అంటూ లోపలికొచ్చి పెన్ను లాక్కుంది. గడిలో గుండ్రంగా "చెల్లి" అని రాసింది. "సెలవిచ్చినావిడ నీకేమవుతుందే అని అడిగింది పిన్ని. అక్క అని చెప్పాను. ఆవిడతో అబద్ధమాడితే తుంటి అతకదు కదక్కా."

సెలవులమ్మ కాగితం తన వైపు తిప్పుకుంది. పెన్ను తీసుకుని ఆ మాట పక్కన అంకె వేసింది.

కుటుంబమంటే ఎవరో పార్లమెంటులో ఇంకా తేలలేదు. కాగితం మాత్రం కేంద్రానికి అలాగే వెళ్ళింది, నలభై ఒకటి, చెల్లి అని.