లుపే పక్కన ఎవరు కూర్చుంటారు

ట్రిబ్యునల్ ఉత్తర్వు వచ్చేసరికి నోరీన్ తన ఆఫీసు వెనక గదిలో వేడి టోస్టుకి వెన్న రాసుకుంటోంది. చేపల ఫ్యాక్టరీ తన క్లయింటు లుపేని తిరిగి పనిలోకి తీసుకోవాలట. పరిహారం ఇచ్చి వదిలించుకోవడం కాదు, పాత పనే ఇవ్వాలి, అదీ రేపటి నుంచే. అలాంటి తీర్పు ఎప్పుడో గాని రాదు. కరిగిన వెన్న వేళ్ల మీదికి జారితే నోరీన్ చిన్నపిల్లలా నాకేసింది. ఎవరికైనా చెప్పాలనిపించి ఫోనులో పేర్లన్నీ వెతికింది. చెప్పుకోదగ్గ పేరు ఒక్కటీ దొరకలేదు.

ఒకప్పుడు తనూ అదే ఫ్యాక్టరీలో చేపలు కోసింది. సాయంత్రాలు చదువుకుని లాయరైంది. ఉద్యోగుల కేసులు తప్ప పట్టలేదు. కానీ ఆస్ట్రేలియా తీరంలోని పోర్ట్ లింకన్ చిన్న ఊరు. నోరీన్‌తో మాట్లాడుతూ కనబడితే పైవాళ్ల మీద ఫిర్యాదుకి సిద్ధపడ్డట్టే. అందుకే బయట తనని పలకరించొద్దని వచ్చినవాళ్లందరికీ ఆమే చెప్పి పంపేది. వాళ్లు ఆ మాట ఎంత బాగా పాటించారంటే, కేసు గెలిచినవాళ్లు కూడా సూపర్‌మార్కెట్‌లో ఆమెని చూసి పక్క వరసలోకి తప్పుకుంటారు.

కబురు అందుకుని లుపే వచ్చింది. టోంగా దీవుల మనిషి, నిండైన విగ్రహం. మొద్దుబారిన కత్తులు మార్చమన్నందుకే ఆమె పని పోయింది. ఉత్తర్వు విని ముందు నవ్వింది, తర్వాత కుర్చీలో కూలబడింది. ఫ్యాక్టరీలోకైతే వెళ్తాను సరే, టీ వేళ తన పక్కన ఎవరు కూర్చుంటారని అడిగింది. అందరూ తప్పుకుంటుంటే ఎక్కువ రోజులు తట్టుకోలేనని, తనే మానేస్తానని అంది. ఫ్యాక్టరీవాళ్లు కోరుకునేదీ అదేనని నోరీన్‌కి తెలుసు. దానికి మాత్రం ఏ సెక్షనూ లేదు.

"నాతో మాత్రం కనబడకు. ఇంకా వెలేస్తారు," అంది నోరీన్.

"ఇంకానా? నేను కూర్చుంటే చేపల కంపన్నట్టు లేచిపోతారు. అక్కడ కంపు కొట్టనిదెవరట?"

నోరీన్‌కి నవ్వాగలేదు. ఆ గదిలో మరో మనిషితో కలిసి నవ్వి ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు.

"నువ్వెవరితో తింటావు, లాయరమ్మా?"

నోరీన్ టోస్టు ప్లేటుని ఫైళ్ల వెనక్కి జరిపింది. లుపే లేచి సంచి భుజాన వేసుకుంది.

"రేపు టీ వేళకి ఫ్యాక్టరీ గేటు బయట బెంచీ దగ్గరికి రా. చేమాకుల్లో మాంసం చుట్టి కొబ్బరిపాలతో వండి తెస్తా, ఇద్దరికీ. చూసేవాళ్లని చూడనీ. ఆలస్యం చేశావో, నీ వంతు కూడా నేనే తినేస్తా."