పేజీ అడుగున పేరు

పొద్దున్నే ఆఫీసు తలుపు దగ్గరున్న వేలిముద్ర యంత్రం "థాంక్యూ" అంది. దాని ముందు ఎవరూ లేరు. గార్డు ఫోన్‌లోంచి తలెత్తకుండానే "నమస్తే రావ్ సాబ్" అన్నాడు. వెనకే వచ్చిన కావేరి ముందు మనిషికి దారిచ్చినట్టు కాస్త ఆగి, తర్వాత తన వేలు పెట్టింది. ఆ యంత్రానికి కావేరి వేలంటే ఎందుకో గిట్టదు. చున్నీతో తుడిచి, ఊది, మళ్ళీ పెడితేగానీ ఒప్పుకోదు. చనిపోయిన మనిషిని మాత్రం ఇట్టే గుర్తుపడుతుంది.

ఆ ఆఫీసు నోయిడాలో ఉంది. అపార్టుమెంట్ల లిఫ్టులను నడిపే సాఫ్ట్‌వేర్ అక్కడ తయారవుతుంది. లిఫ్టు ఎక్కడ ఆగాలి, తలుపు ఎంతసేపు తెరిచి ఉండాలి, కరెంటు పోతే ఏం చేయాలి, ఇలా ఒక్కో పనికి ఒక్కో చిన్న ప్రోగ్రాము రాసి, అన్నిటినీ కట్టగట్టి లైబ్రరీ అంటారు. ఏ ప్రోగ్రామును ఎలా వాడాలో చెప్పడానికి దానికో మాన్యువల్ పేజీ ఉంటుంది. ఆ పేజీలన్నీ రాసింది భీమేశ్వరరావుగారు. వైమానిక దళంలో వైర్‌లెస్ పనిచేసి రిటైరయ్యాక ఈ కంపెనీలో చేరారు. నిరుడు చలికాలంలో పోయారు.

ప్రతి పేజీ అడుగునా రాసినవారు ఫలానా అని ఆయన పేరుంది. పేజీ అడుగున పేరున్న మనిషి ఆఫీసుకి రావాలి కాబట్టి ఆయన వస్తున్నారు. కిటికీ పక్క కుర్చీ కిర్రుమంటే వచ్చేశారని లెక్క. మేనేజర్ రాజీవ్ పంచదార లేని టీ తెచ్చి ఆ బల్ల మీద పెడతాడు. మధ్యాహ్నానికి అది సగమవుతుంది. ఢిల్లీ ఎండకి ఆవిరైపోయిందనడానికి ఆఫీసంతా ఏసీయే కదా. అయినా ఆ టీ సంగతి అక్కడ ఎవరికీ వింత కాదు.

కావేరిది పాలకొల్లు. భర్త ఉదయ్‌కిరణ్ సైన్యంలో ఉన్నాడు, ఇప్పుడు లేహ్‌లో. ఏడేళ్ళ కూతురు అక్షరతో ఆమె ధౌలా కువాన్ దగ్గర కంటోన్మెంట్ క్వార్టర్లో ఉంటుంది. తను మెట్రోలో ఈదుకుంటూ ఇల్లు చేరేదాకా అక్షర పక్క క్వార్టరు వైశాలీ ఆంటీ దగ్గర ఉంటుంది. కావేరి తెలుగులో ఎంత చెప్పినా అర్థం చేసుకుని, హిందీలో జవాబిచ్చే రకం ఆ పిల్ల.

ఆఫీసులో కావేరి పని రావుగారి పేజీలను చక్కబెట్టడం. ఒక వరుస పొడుగు, ఒక వరుస పొట్టి, ఒకచోట లావు అక్షరాలు, ఇంకోచోట సన్నవి. చెదిరిన వరుస కనిపిస్తే ఆమె చేయి ఊరుకోదు. ఇంట్లో పోపుడబ్బా గిన్నెలు కూడా రంగుల వరసలో ఉండాలంటుంది. ఇలా చాలా కంపెనీల్లో, చాలామంది రాసిన పేజీలు దిద్దింది. ఎక్కడా తన పేరు లేదు. కాంట్రాక్టు అయిపోగానే బ్యాగు సర్దుకుని ఇంకో కంపెనీకి పోవడమే. అది ఆమెకి లోపల్లోపల చాలా బాధగా ఉండేది.

చేరిన కొత్తలో ఒక తప్పు చేసింది. ఆ పేజీలు పాతకాలం పద్ధతిలో రాసినవి. వరుస మొదట్లో చుక్క ఉంటే, ఆ వరుస తనకిచ్చిన ఆజ్ఞ అనుకుంటుంది యంత్రం. తెలియని ఆజ్ఞ అయితే కిక్కురుమనకుండా వదిలేస్తుంది. అచ్చులో ఆ వరుసే కనిపించదు. లిఫ్టు తలుపు పేజీలో ఒక హెచ్చరిక ఉంది: తలుపు మూసుకోవడానికి .5 సెకన్ల కంటే తక్కువ ఇస్తే మధ్యలో మనిషున్నా దానికి తెలియదని. కావేరి వరుసలన్నీ సమంగా కత్తిరించేసరికి ఆ .5 సరిగ్గా వరుస మొదటికి వచ్చి పడింది. హెచ్చరికలో అసలు ముక్కే మాయమైంది. ఆమె చూసుకోలేదు. పేజీ పంపించబోతుంటే కర్సర్ తనంతట తాను వెనక్కి నడిచి ఆ చుక్క పక్కన నిలబడి మిణుకుమంది. కిటికీ పక్క కుర్చీ కిర్రుమంది.

కావేరి చుక్క ముందు సున్నా పెట్టి, వరుస తిరిగి వచ్చిందని చూసుకుని, "థాంక్స్ అంకుల్" అంది. ఆ రోజు నుంచి ఇద్దరికీ స్నేహం కుదిరింది.

వేసవి మొదలయ్యాక రాజీవ్ ఆమెను పిలిచాడు. అతనికి తెలుగు రాదు, అంతా హిందీలోనే.

"అచ్ఛా కావేరీ, కస్టమర్లు పేజీలో పేరు చూసి రావ్ సాబ్‌కి మెయిళ్ళు పెడుతున్నారు. ఆయనేమో జవాబివ్వరు. ఆ పేరు తీసేసి అన్నిటి కిందా నీ పేరు పెట్టెయ్. పేజీలు నీవైతే ఉద్యోగం పర్మనెంట్. పైవాళ్ళతో మాట్లాడాను. ఠీక్ హై?"

కావేరి ఆ సాయంత్రం మెట్రోలో నిలబడే నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళింది. లేహ్‌కి ఫోన్ కలవగానే మొదట ఆ మాటే చెప్పింది.

"పోనీలే, ఇన్నాళ్ళకి నీ పేరు కనబడుతుంది. మరి రావుగారో?" అన్నాడు ఉదయ్‌కిరణ్.

"ఆయన పోయారు కదండీ."

"వస్తున్నారన్నావుగా?"

"వస్తున్నారు" అంది కావేరి.

మర్నాటి నుంచి పేర్లు మార్చడం మొదలుపెట్టింది. ఒక్కో పేజీలో ఆయన పేరు పోతున్నకొద్దీ యంత్రం థాంక్యూ అనే గొంతు తగ్గుతూ వచ్చింది. టీ కప్పులో తరుగు తగ్గింది. కుర్చీ కిర్రుమనడానికి బరువు చాలనట్టు ఆగి ఆగి కదిలేది. పేరు చెరిపిన ప్రతిసారీ కావేరి ఆ వైపు చూడకుండా "సారీ అంకుల్" అనుకునేది. తన పేరు టైపు చేసేటప్పుడు మాత్రం వేళ్ళు ఎంతో హుషారుగా కదిలేవి. ఆ హుషారుకి సిగ్గు పడేది కూడా.

ఒక ఆదివారం ఇంట్లో అక్షరకి జడ వేస్తుంటే ఆఫీసు గార్డు ఫోన్ చేశాడు. "మేడమ్, మీరు పైనే ఉన్నారు కదా? వెళ్ళేటప్పుడు లైటు ఆర్పండి" అన్నాడు. తాను ఇంట్లో ఉన్నానని కావేరి చెప్పింది. "అచ్ఛా, అయితే నేనే ఆర్పేస్తాలెండి" అని పెట్టేశాడు. యంత్రం పొద్దున్నే ఆమెకి థాంక్యూ చెప్పిందట. ఈసారి తుడవాల్సిన పని కూడా లేకుండా.

కావేరి దువ్వెన కింద పెట్టింది. అద్దంలో అక్షర జడ కనిపిస్తోంది. జడ పట్టుకున్న తన చేతుల్లోంచి కూడా జడే కనిపిస్తోంది.

"మమ్మా, ఆప్ ఆధీ హో క్యా?" అంది అక్షర, అద్దంలోంచే చూస్తూ. సగమే ఉన్నావా అని. కావేరి నిద్ర చాలలేదని చెప్పి, జడ గబగబా బిగించింది. ఆ రోజంతా పిల్ల తల్లి చున్నీ కొసని వదల్లేదు.

చివరికి ఒక్క పేజీ మిగిలింది, లిఫ్టు తలుపు పేజీ. తనని ఆదుకున్న పేజీ. అందులో ఆయన పేరు చెరపడానికి ఆమెకి చేతులు రాలేదు. అందుకని ఒక ఉపాయం చేసింది. పేరున్న వరుస ముందు ఒక చుక్క పెట్టింది. అచ్చులో పేరు కనిపించదు, కస్టమర్లకి తెలియదు, రాజీవ్‌కి తెలియదు. లోపల మాత్రం ఆయన పేరు ఆయనకే ఉంటుంది. చాలా మంచి పని చేశాననుకుంది.

మర్నాడు యంత్రం రావుగారికి థాంక్యూ చెప్పలేదు. గార్డు నమస్తే అనలేదు. రాజీవ్ కాసేపు ఆ కుర్చీ వైపు చూసి, ఇక రారు కాబోలనుకుని టీ తేవడం మానేశాడు. పదిరోజులు పోయాక ఎవరో ఆ కుర్చీలో పాత కీబోర్డుల పెట్టె పెట్టారు. ఆ పెట్టె కొంచెం పక్కకి జరిగింది, మళ్ళీ కొంచెం జరిగింది. తన కుర్చీలో చోటు కోసం ఒక పెద్దమనిషి ఒదిగి కూర్చున్నట్టు. కావేరి ఏ పేజీ తెరిచినా కర్సర్ పరుగున ఆ చివరి పేజీకి పోయి, ఆ చుక్క పక్కన నిలబడి మిణుకుమంటూ ఉండేది. అడగలేక అడుగుతున్నట్టుండేది. ఆమెకి అన్నం సయించలేదు. ఆయన్ని పంపించనూ లేదు, ఉండనివ్వనూ లేదు.

శనివారం అక్షరను వెంటబెట్టుకుని ఫరీదాబాద్ వెళ్ళింది. రావుగారి భార్య సుభాషిణిగారు అక్కడ ఒక పాత ఇంట్లో ఒంటరిగా ఉంటున్నారు. ఏలూరు మనిషి. తెలుగు వినగానే తలుపు బార్లా తీశారు.

"రామ్మా. పాప నీ కూతురా? ఏం పేరు తల్లీ?"

"అక్షర. నమస్తే ఆంటీ."

"తెలుగు రాదా?"

"అంతా అర్థమవుతుందండీ. మాట్లాడదు" అంది కావేరి.

కాఫీ చేతికిచ్చి ఆవిడ ఎదురుగా కూర్చున్నారు. కావేరి చేసిందంతా చెప్పింది. పేర్లు చెరపడం, చివరి పేజీలో దాచడం, పెట్టె జరగడం. చెబుతూ ఏడ్చేసింది.

"దాచావా? ఎందుకమ్మా?"

"పూర్తిగా తీసేస్తే... ఆయన ఎక్కడా లేకుండా పోతారేమోనని భయమేసిందండీ."

సుభాషిణిగారు నవ్వారు. నవ్వుతుండగానే కళ్ళు నిండాయి. "ఎక్కడికి పోతారే పిచ్చిపిల్లా? ఇంటికొస్తారు. పెద్దకర్మ నాడు ఆయన పడక్కుర్చీ బాల్కనీలో వేసి, వస్తారేమోనని పొద్దుపోయేదాకా చూశాను. రాలేదు. ఆఫీసుకి ఫోన్ చేస్తే ఇక్కడే ఉన్నారండీ అన్నాడా గార్డు. బతికున్నన్నాళ్ళూ ఇదే మాట విన్నాను. చచ్చాక కూడా ఇదేనా అని ఎంత కోపమొచ్చిందో. ఆ కుర్చీ ఇప్పటికీ తీయలేదు."

ఆవిడ ఉన్నట్టుండి ముందుకి వంగి కావేరి చేతిని వెలుతురులోకి తిప్పారు. కప్పు మీది నీలం పువ్వు ఆమె వేళ్ళలోంచి స్పష్టంగా కనిపిస్తోంది.

"నువ్వు కూడా పేరు పెట్టావా?"

"పెట్టానండీ. పర్మనెంట్ చేస్తామన్నారు."

"ఆయనా ఇలాగే మొదలెట్టారు. అన్నానికి కూర్చుంటే వెనక గోడ మీది క్యాలెండర్‌లో తిథి చదువుకునేదాన్ని ఆయనలోంచి. మా అబ్బాయి పదో క్లాసుకి వచ్చేసరికి ఇంట్లో ఆయన గొంతు ఒక్కటే ఉండేది. పోయినప్పుడు ఏడవడానికి కూడా నాకు పెద్దగా మనిషి మిగల్లేదమ్మా."

అక్షర తల్లి ఒళ్ళోకి ఎక్కి, ఆవిడతో చాలా మామూలుగా చెప్పింది. "మమ్మా సండే కో ఆధీ రహతీ హై, ఆంటీ." ఆదివారాలు అమ్మ సగమే ఉంటుందని.

సుభాషిణిగారు పిల్ల తల నిమిరారు. కావేరి కాఫీ తాగలేకపోయింది.

సోమవారం ఆఫీసుకి వెళ్ళి మొదట ఆ చుక్క వరుసను మొత్తంగా తీసేసింది. కర్సర్ ఒక్కసారి మిణుకుమని, ఇన్నాళ్ళకి ఆమె చెప్పినచోట కుదురుగా నిలబడింది. తర్వాత ఒక్కో పేజీ తెరిచి తన పేరు చెరిపింది. ఇది కష్టమైంది. ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన అక్షరాలు అవి. తెర మీద ఎంత అందంగా ఉన్నాయో ఆమెకే తెలుసు.

రాజీవ్ పేజీలు చూసి అయోమయంగా వచ్చాడు. "కావేరీ, పేరేది?"

"ఎవరిదీ వద్దు సర్. కంపెనీ పేరు, కంపెనీ మెయిల్ పెట్టాను. చాలు."

"మరి పర్మనెంట్ కష్టమవుతుంది యార్. కాంట్రాక్టే ఉంటుంది."

"ఠీక్ హై సర్."

రాజీవ్ కుర్చీలోని కీబోర్డుల పెట్టెను తనే తీసి కింద పెట్టాడు. "నా పేరు తీసేయనా అని రావ్ సాబ్ నన్నొకసారి అడిగారు. పేరు మంచిదే కదా, ఉండనివ్వండి అన్నాను" అన్నాడు మెల్లగా. వెళ్ళి టీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. సాయంత్రానికి కప్పు ఖాళీ అయింది.

ఆఫీసు అయిపోగానే కావేరి బ్యాగు తీసుకుని లేచింది. తలుపు దగ్గర యంత్రం రెండుసార్లు థాంక్యూ అంది. గార్డు లేచి నిలబడి సలాం కొట్టాడు. మెట్రోలో పక్కసీటు మీద ఆమె బ్యాగు పెట్టి ఉంచింది, నిలబడ్డ ఒకావిడ అడిగితే "మావాళ్ళున్నారండీ" అంది. ఆవిడ సరేనని పక్కకి జరిగింది. మండీ హౌస్ స్టేషన్‌లో ఫరీదాబాద్ లైనుకి మారేవాళ్ళంతా దిగారు. పక్కన చల్లగాలి లేచింది. కావేరి బ్యాగు ఒళ్ళోకి తీసుకుని ఆవిడని కూర్చోమంది.

క్వార్టర్ల గేటు దాటుతుంటే సుభాషిణిగారి నుంచి ఫోన్. ఆవిడ వెనక నవారు బిగుసుకున్నట్టు, పడక్కుర్చీలో ఎవరో ఒత్తిగిలినట్టు చప్పుడు వినబడింది.

"అమ్మాయ్, వచ్చారే. ఏం వండమంటావు?" అన్నారు ఆవిడ. కొత్తగా కాపరానికొచ్చిన పిల్ల గొంతులా ఉంది ఆ గొంతు.

"మీకు తెలీదా అండీ?" అంది కావేరి నవ్వుతూ. కళ్ళు తుడుచుకుంది.

వైశాలీ ఆంటీ గుమ్మంలో అక్షర బూట్లు వేసుకుని కూర్చుని ఉంది. ఇంకా ఎండ ఉంది. తల్లి ఇంత పెందలాడే రావడం ఆ పిల్ల ఎరగదు. లేచి పరుగెత్తుకొచ్చి, రెండడుగుల దూరంలో ఆగింది. తల్లి చేయి పట్టుకుని సూర్యుడి వైపు ఎత్తి, ఇటు తిప్పి, అటు తిప్పి చూసింది. వేళ్ళలోంచి ఏమీ కనబడలేదు. నేల మీద చేతి నీడ నల్లగా పడింది.

"అమ్మా, ఇవాళ మొత్తం వచ్చేశావు" అంది తెలుగులో.