అందని చెవి

ఆ పొద్దు పడమటి గాలి తెల్లవారకముందే లేచింది. ఆకాశంలో మబ్బు తునక లేదు, నీలం కూడా లేదు. ఇసుక దుమ్ము పైకెక్కి అంతా బూడిద రంగుకు తిరిగితే, సూర్యుడు తోమని కంచు పళ్ళెంలాగా సముద్రంలోంచి పైకొచ్చాడు. ఆ గాలిలో తెప్ప వేస్తే ఒడ్డుకు తిరిగిరావడం కష్టం. జాలర్ల పాళెంలో మగవాళ్ళంతా ఇళ్ళ దగ్గరే ఉండిపోయారు. చిన్నపోలయ్య కూడా ఉండిపోయాడు. ఉండకపోతే బాగుండేదని అతని భార్య పేరమ్మ తర్వాత చాలాసార్లు అనుకుంది.

వాళ్ళ కూతురికి ఏడేళ్ళు. అమ్మవారికి మొక్కుకొని ముసలమ్మ అని పేరు పెట్టుకున్నారు. పాకే వయసులో వచ్చిన జ్వరం పోతూ పోతూ పిల్ల ఎదుగుదలను పట్టుకుపోయింది. మాట ఆగలేదు, బుద్ధి ఆగలేదు. కాళ్ళూ చేతులూ మాత్రం నాలుగేళ్ళ పిల్లవే.

పంచాయతీ సమితి వాళ్ళు పాళెంలో బడి పెట్టి రెండేళ్ళయింది. అక్కడ పుట్టిన తేదీ చెప్పగలిగిన తల్లి లేదు. ఫలానా తుపానుకు కడుపులో ఉన్నాడు, ఫలానా కలరాకు పాకుతున్నాడు, ఇదే లెక్క. అందుకని అయ్యవారు పద్మనాభయ్య పిల్లల్ని నిలబెట్టి, కుడిచెయ్యి నెత్తి మీదుగా తెచ్చి ఎడమ చెవి పట్టుకోమనేవాడు. అందితే అయిదేళ్ళు నిండినట్టు. అందకపోతే నిండనట్టు.

ముసలమ్మకు కిందటేడు అందలేదు. తల పక్కకు వంచి పట్టుకోబోతే ఆయన గడ్డం పట్టుకొని తల నిటారుగా నిలబెట్టాడు.

"పేరేమో ముసలమ్మ, చెయ్యి చూస్తే పసిబిడ్డ. పై ఏడు రామ్మా" అన్నాడు. లోపలి పిల్లలు నవ్వారు.

పేరమ్మ మరిది కొడుకు ఇంకా తల్లిపాలు మానలేదు. వాడికి చేతులు పొడుగు. చెవి అందింది. వాడు బడిలో కూర్చొని అమ్మ కావాలని ఏడుస్తుంటే ముసలమ్మ కిటికీ బయట నిలబడి వాణ్ణి ఊరుకోబెట్టేది.

ఆ ఏడంతా అవ్వ పోలేరమ్మ మనవరాలిని చంకనేసుకొని తిరిగింది. పిల్ల జారి దిగేది. "నేను నడుస్తా అవ్వా" అనేది. "నా తల్లే, నీకు అప్పుడే ఏం ఈడొచ్చిందని" అని అవ్వ మళ్ళీ ఎత్తుకునేది. పేరమ్మ చూసి పళ్ళు నూరేది.

చిన్నపోలయ్యకు తెలిసిన విద్య ఒకటుంది. కొత్త తాడు తెచ్చినప్పుడు దాన్ని ఉప్పునీళ్ళలో నానబెట్టి, రెండు గుంజలకు కట్టి, దినానికింత బిగించేవాడు. అట్లా సాగదీయని తాడు వలకు కడితే నీళ్ళలో సాగి వల వంకర పోతుంది. కూతురి చెయ్యి కూడా ఆ దారినే సాగుతుందని అతను నమ్మాడు. ఆముదం కాచి రాసి, మణికట్టుకు మెత్తటి గుడ్డ చుట్టి, పొద్దున్నే కాసేపు లాగేవాడు. పిల్ల కూడా నమ్మింది. తానే గుడ్డ తెచ్చి ఇచ్చేది.

ఆ పొద్దు బడిలో పిల్లల్ని చేర్చుకునే ఆఖరి రోజు. లాగిన తర్వాత కొలిచి చూశారు. చెవికీ వేలికీ మధ్య ఎడం మిగిలింది.

"ఇంకొక్క రవ్వ. ఆ రవ్వ వస్తే అందుతాది" అని చిన్నపోలయ్య గుంజకు కాలు తన్నిపెట్టి లాగాడు.

పిల్ల అరవలేదు. ఉన్నచోటే కూలబడింది. కుడిచెయ్యి భుజం నుంచి వేరే ఎవరిదో అయినట్టు వేలాడింది.

ఎండుచేపలు తిరగేస్తున్న పేరమ్మ పరుగెత్తుకొచ్చింది. చూసింది. పిల్లను ఒళ్ళోకి తీసుకుంది.

"చేపపిల్లను తోక పట్టుకొని లాగితే పెద్ద చేప అయితాదా?" అంది మెల్లగా.

"మంచికే గదమ్మే చేసింది."

"నీ మంచి తీసకపోయి సముద్రంలో ఎయ్."

కీళ్ళు సరిచేసే హజరత్తయ్య వచ్చి, పిల్ల చంకలో తన మడమ ఆనించి, ఎముకను దాని చోట కూర్చోబెట్టాడు. చేతిని రొమ్ముకు చేర్చి పాత చీర పేలికతో కట్టేశాడు.

"నెల దాకా ఈ చెయ్యి లేదనుకోండి. ఎవురు లాగింది?"

చిన్నపోలయ్య చేతులకున్న ఆముదం పంచెకు తుడుచుకున్నాడు. హజరత్తయ్య అతని వైపు చూశాడు.

"నీ చెయ్యి గూడా ఇట్టా తే అబ్బయ్యా, ఒకసారి సాగదీసి పోతా."

అతను వెళ్ళగానే పేరమ్మ పలక తీసుకొని పిల్లను లేపింది. అత్త అడ్డం వచ్చింది.

"ఇట్టాంటప్పుడు యాడికే? పై ఏడు పోతాది."

"పై ఏడు, పై ఏడు. నీ చంకలోనే దానికి పెండ్లీడు రావాల్నా అత్తా? తప్పుకో."

బడి గడప దగ్గర పద్మనాభయ్య కట్టు చూసి లేచి వచ్చాడు.

"చెయ్యేమైందమ్మా?"

"మీ చెవి కోసరం సాగదీసినాము అయ్యవారూ. ఊడొచ్చింది."

ఆయన మొహం ఎర్రబడింది. "నేను సాగదీయమన్నానా? మీకు బుద్ధుందా?"

"మాకు లేదు. మీకుండాది గదా. పాలపళ్ళు ఊడి కొత్తవి దిగినాయి, చూడండి. అయిదు నిండని బిడ్డకు దిగుతాయా?"

"నాకు కనపడతానే ఉండాయి. ఇన్‌స్పెక్టరుకు కనపడవు. బడి పెట్టిన ఏడు చెవి అందని వాళ్ళను చేర్చుకున్నానని పిల్లల ముందే నన్ను నిలబెట్టి తిట్టిపోయినాడు. నా ఉద్యోగం పోతే నువ్వు కూడు పెడతావా?"

"పెడతా. తినేదానికి మీకు నామర్దా గానీ."

లోపల పిల్లలు కిసుక్కుమన్నారు. ఆయన వెనక్కి తిరిగి చూస్తే ఆగిపోయారు.

"మీ బిడ్డలంతా ఒకే నెలలో నడిచినారా అయ్యవారూ?" అని పేరమ్మ మళ్ళీ అందుకుంది.

"దానికీ దీనికీ ఏమిటి సంబంధం?"

"చెప్పండి."

"పెద్దది ఏడాది నిండకముందే నడిచింది." ఆయన పిల్లలకు వినపడకుండా గొంతు తగ్గించి అన్నాడు. "చిన్నోడు మూడేళ్ళొచ్చినా ఇంకా పాకుతుండాడు. చాలా?"

పేరమ్మకు ఆ సంగతి తెలియదు. తెలిసుంటే అడిగేది కాదు. అయినా లోపలి మంట ఆ మాటతో చల్లారలేదు.

"అయితే రేపు వాణ్ణి గూడా ఇట్నే గడప బయట నిలబెడతారా?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఉండగానే ముసలమ్మ తల్లి చేతిలోంచి పలక లాక్కొని గడప దాటింది. తన ఈడు పిల్లలు కూర్చున్న వరస వెతుక్కొని, జరగమని మోకాలితో పొడిచి, మధ్యలో కూర్చుంది. ఎవరూ పిలవలేదు. ఎవరూ లేవమనలేదు.

పద్మనాభయ్య వెళ్ళి పేర్ల పుస్తకం తెరిచాడు.

"అది రెండో తరగతి వరస. ముందు వరసలోకి రా. ఎడం చేత్తో రాస్తావా?"

"రాస్తా" అంది పిల్ల, లేచి ముందుకొస్తూ.

ఆయన పేరమ్మ మొహం చూడకుండా అన్నాడు. "ఏడేళ్ళని రాసుకుంటా. ఇన్‌స్పెక్టరు వస్తే నేను చెప్పుకుంటా. నువ్వు పో. నా ముందర నిలబడబాక."

పేరమ్మ దణ్ణం పెట్టలేదు. ఇంటికి పోయే దారంతా గాలికి ఎదురు నడిచింది. ఏడాది కిందటే అయ్యవారు ఈ మాట అని ఉంటే బిడ్డ కీలు జారేదా అని ఒకసారి, మొగుడి చెయ్యి తాను అప్పుడే పట్టుకొని ఆపి ఉంటే అని ఒకసారి, ఎవరి మీద పడితే వాళ్ళ మీద కోపం పొంగింది.

మధ్యాహ్నం బడి విడిచారు. మగవాడు తిని లేచాక ఆడవాళ్ళు తినడం ఆ ఇంటి వాడుక. ఆ పూట పేరమ్మ నలుగురికీ ఒకేసారి అన్నం పెట్టి, చేపల పులుసు పోసి, తానూ కంచం ముందు కూర్చుంది. చిన్నపోలయ్య తన కంచం జరుపుకొని ఆమెకు చోటిచ్చాడు.

ఆమె ముద్ద కలిపి కూతురి నోటికి చాపింది. ముసలమ్మ తల పక్కకు తిప్పుకొని, ఎడమ చెయ్యి కంచంలో పెట్టింది. ఆ ఇంట్లో ఎడమ చెయ్యి అన్నాన్ని తాకి ఎరగదు. పోలేరమ్మ నోరు తెరవబోయి, కోడలి కళ్ళు చూసి మానుకుంది. మెతుకులు సగం ఒళ్ళో పడుతున్నాయి. పిల్ల ఏరుకొని తింటోంది. చిన్నపోలయ్య తల ఎత్తకుండా తన చేపముక్కలో ముళ్ళు తీసి, ఆ కండను కూతురి కంచం అంచున పెట్టాడు. పిల్ల దాన్ని ఒకసారి చూసి, తీసుకుంది.

నలుగురూ తింటూ ఉన్నారు.